టోక్యోలో ‘ఇండియా’ అన్న బోర్డు కింద

విదేశాలకు వెళ్ళి అక్కడ కూడా మన భోజనం కోసం వెతుక్కునేవాళ్ళంటే నాకు చాలాకాలం చిన్నచూపు ఉండేది. ఒకసారి బృందంతో కలిసి యూరప్ యాత్రకు వెళ్ళినప్పుడు, మధ్యాహ్నం పన్నెండు కాగానే బస్సులో సగంమంది పప్పన్నం ఎక్కడ దొరుకుతుందని గైడును నిలదీయడమూ, ఈఫిల్ టవర్ ఎదుట నిలబడి కూడా ఒక పెద్దాయన ఆవకాయ సీసా మూతతో కుస్తీ పట్టడమూ చూసి, ఇంత దూరం వచ్చింది ఇందుకా అని లోలోపల విసుక్కున్నాను. కిందటి నవంబరులో జపాన్ వెళ్ళివచ్చాక ఆ విసుగును కొంత వెనక్కి తీసుకోవలసి వచ్చింది. పన్నెండు రోజుల ప్రయాణంలో మన దేశం పేరు చెప్పుకునే భోజనశాలల్లో ఐదుసార్లు తిన్నాను. ఐదు చోట్లా వంట వేరు, వండినవారి ఊరు వేరు, వచ్చి తినేవారి ఆశ వేరు.

ఇలా తినవలసి రావడానికి కారణం మా ఆవిడ శాకాహారం. నేను ఏదైనా తింటాను గనుక ప్రయాణానికి ముందు ఈ సంగతి తేలిగ్గా తీసుకున్నాను. బియ్యమూ, సోయా పనీరు లాంటి తోఫూ, ముల్లంగీ, ఆకుకూరలూ పుష్కలంగా తినే దేశంలో ఒక మనిషికి కూడు కరవా అనుకున్నాను. చిక్కంతా దాషి దగ్గర వచ్చింది. ఎండబెట్టి పొగపట్టించిన చేపను కొయ్య తురిమినట్టు సన్నగా తురిమి, ఆ తురుమును వేడినీళ్ళలో వేసి తీసిన రసమే సాధారణంగా దాషి. పులియబెట్టిన సోయా ముద్దతో కాచే మిసో చారులో అదే, గోధుమ నూడుల్స్ తేలే నీళ్ళలో అదే, వట్టి ముల్లంగి ముక్కలు ఉడికించినా అందులో అదే. మన వంటలో పోపు ఎంతో అక్కడ దాషి అంత. చేప కంటికి కనబడదు గనుక వడ్డించేవాళ్ళు కూడా నిజాయితీగానే ఇందులో చేప లేదంటారు. రెండో రోజుకే ఈ రహస్యం మా ఆవిడకు వాసన ద్వారా తెలిసిపోయింది. అప్పటినుంచి ఆమె ఆహారం అరటిపండ్లూ, రొట్టే, హోటల్ గదిలో వేడినీళ్ళు పోసి నానబెట్టిన అటుకులూ అయింది. ఆమె ఫిర్యాదు చేయలేదు. చేయకపోవడమే నాకు ఎక్కువ ఇబ్బందిగా తోచింది.

నాలుగో రోజున నారా వెళ్ళాం. ఎనిమిదో శతాబ్దంలో జపాన్ రాజధాని ఆ ఊరు. అక్కడి తోదాయిజీ ఆలయంలోని మహాబుద్ధుడి కంచు విగ్రహానికి 752లో కనుపాపలు దిద్ది నేత్రోన్మీలనం చేసింది బోధిసేనుడనే భారతీయ భిక్షువు. ఆయన చైనా మీదుగా 736లో జపాన్ చేరాడు. దక్షిణ భారతంవాడని సంప్రదాయం చెబుతుంది. ఆయన చేతిలోని కుంచెకు పొడవైన దారాలు కట్టి, కింద ఉన్నవాళ్ళు వాటి కొసలు పట్టుకుని ఆ పుణ్యంలో పాలు పంచుకున్నారట. విగ్రహం ముందు నిలబడి ఈ కథ నేను ఎంతో ఉత్సాహంగా చెబుతుంటే మా ఆవిడ శ్రద్ధగా విని, “ఇన్నేళ్ళూ ఆయన ఇక్కడ ఏం తిన్నాడంటారు?” అని అడిగింది. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు గాని, ఆ పూట ఇక అరటిపండుతో గడవదని మాత్రం అర్థమైంది.

రైల్వేస్టేషన్ వైపు తిరిగి వస్తుంటే ఒక పక్కవీధిలో మన మువ్వన్నెల జెండా, దాని పక్కనే రెండు త్రికోణాల నేపాల్ జెండా, కింద ఎర్రటి అక్షరాలతో జపనీస్ రాత, అరచేతి వెడల్పు బొమ్మలతో భోజనం పట్టిక కనిపించాయి. లోపల గోడమీద ఒకవైపు తాజ్‌మహల్, మరోవైపు మంచుకొండలు, మధ్యన వినాయకుడు. సాంబ్రాణి వాసనకు బదులు వెన్నలో వేగిన టమాటా వాసన. చెప్పవలసిన మాట చెప్పాలి. గుమ్మం దాటుతున్నప్పుడు నాకు కొంత నామోషీగానే అనిపించింది.

వచ్చిన భోజనం ఇదీ. ముందుగా సన్నగా తరిగిన క్యాబేజీ మీద నారింజరంగు పులుసులాంటిదేదో పోసిన సలాడ్ చిన్న గిన్నెలో వచ్చింది. ఆ తరువాత స్టీలు పళ్ళెంలో రెండు గిన్నెల కూరలు, పసుపు కలిపిన కాసింత జపాన్ అన్నం, వాటన్నిటినీ కప్పేస్తూ పళ్ళెం అంచు దాటి బల్లమీదికి జారుతున్న నాన్ ఒకటి. మూర పొడవుంది. ఒక కొస వెడల్పుగా, మరో కొస సన్నగా, పైన వెన్న మెరుస్తూ, చూడడానికి ఏనుగు చెవిలా ఉంది. కారం ఎంత కావాలో ఒకటినుంచి ఐదు దాకా అంకె వేసి చెప్పమన్నారు. నేను ధీమాగా ఐదు చెప్పాను. వచ్చింది మన లెక్కలో రెండు. పాలకూర బాగానే ఉంది, శనగల కూర తియ్యగా ఉంది, నాన్ అంతకంటే తియ్యగా ఉంది. మా ఆవిడ ఒక తుంపు నోట్లో వేసుకుని, “పిండివంటలా ఉందండీ” అంది. నిందగా అనలేదు, ఉన్నమాట అంది. తరువాత చేతిసంచిలోంచి కందిపొడి డబ్బా తీసి, చుట్టూ ఒకసారి చూసి, అన్నం మీద గుట్టుగా చల్లుకుంది. ఈఫిల్ టవర్ కింది పెద్దాయన నాకు గుర్తుకు రాకపోలేదు.

పక్క బల్ల దగ్గర ఆఫీసు దుస్తుల్లో ఉన్న ఇద్దరు జపాన్ యువకులు మాత్రం ఆ నాన్‌ను రెండు చేతులా తుంచి, కూరలో ముంచి, ఎంతో తృప్తిగా తింటున్నారు. పూర్తి కాగానే ఒకతను చెయ్యెత్తి ‘ఓకవారీ’ అన్నాడు. మారు వడ్డన అని అర్థం. నాన్ ఎన్నిసార్లు అడిగినా అదనంగా డబ్బు తీసుకోరు. మొత్తం భోజనం వెయ్యి యెన్‌లు, అంటే మన ఆరువందల రూపాయల లోపే. జపాన్‌లో ఇలాంటి చోట్ల మధ్యాహ్నభోజనానికి జనం వచ్చేది ముఖ్యంగా ఆ నాన్ కోసమేనని తరువాత తెలిసింది. వాళ్ళ దృష్టిలో ఇండియా వంట అంటే ముందు నాన్, తరువాతే తక్కినవి.

డబ్బు కట్టడానికి లేచేసరికి యజమాని లోపలినుంచి వచ్చి హిందీలో పలకరించాడు. నడివయసు మనిషి, పశ్చిమ నేపాల్ కొండల్లోని బాగ్లుంగ్ ప్రాంతంవాడు. జపాన్‌లో ‘ఇండియా’ పేరుతో నడిచే భోజనశాలల్లో చాలా భాగం నేపాలీలవేననీ, వారిలో ఎక్కువమంది తన జిల్లా చుట్టుపక్కలవారేననీ ఆయనే చెప్పాడు. కుర్రతనంలో ఢిల్లీ వచ్చి ఒక హోటల్లో గిన్నెలు కడిగే పనిలో చేరి, కూరగాయలు తరిగి, చివరికి తందూరీ పొయ్యి ముందు నిలబడే స్థాయికి ఎదిగాడట. విదేశీ వంటవాడిగా జపాన్ వీసా రావాలంటే పదేళ్ళ అనుభవం చూపాలి. ఢిల్లీ పొయ్యిల ముందు గడిపిన ఏళ్ళే నేపాలీలకు ఆ పదేళ్ళయ్యాయి. ముందు వచ్చినవాడు కొంత కూడబెట్టి సొంతంగా ఒక కొట్టు తెరుస్తాడు, ఊరినుంచి ఇద్దరు వంటవాళ్ళను రప్పిస్తాడు, ఆ ఇద్దరూ కొన్నేళ్ళకు తలా ఒకటి తెరుస్తారు. పట్టికలో బొమ్మలు, కూరల పేర్లు, నారింజరంగు పులుసు అన్నీ ఒక కొట్టునుంచి మరో కొట్టుకు అలాగే వెళ్తాయి. పోచంపల్లి చీర అంచులా ఏ ఊళ్ళో చూసినా గుర్తుపట్టేట్టు ఉండడానికి కారణం ఇదే కాబోలు.

సొంతంగా వ్యాపారం నడిపే విదేశీయుడి వీసాకు మొన్నటిదాకా యాభై లక్షల యెన్‌ల పెట్టుబడి సరిపోయేది. 2025 అక్టోబరులో ఆ మొత్తాన్ని మూడు కోట్లకు పెంచారు. ఇప్పటికే ఉన్నవాళ్ళకు మూడేళ్ళ గడువు ఇచ్చారు. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన గొంతులో మార్పేమీ లేదు గాని, చేతిలోని తువ్వాలును నాలుగుసార్లు మడతపెట్టి విప్పాడు.

నేను నాన్ సంగతి ఎత్తాను. మీ ఇంట్లో నాన్ చేస్తారా అని అడిగితే పకపకా నవ్వాడు. వాళ్ళ ఊళ్ళో తందూరీ పొయ్యే లేదు. తిండి అంటే అన్నం, పప్పు, ఆకుకూర, ముల్లంగి పచ్చడి. నాన్ అనే వస్తువును మొదటిసారి ఢిల్లీలో చూశాడు, అక్కడ చిన్నది. జపాన్ వచ్చాక అది పెరిగింది, పిండిలో పంచదార చేరింది, వెన్న పెరిగింది, తరువాత లోపల చీజు కూడా చేరింది. ఎవరు పెంచారంటే, పక్క కొట్టువాడి కంటే పెద్దది ఇవ్వాలనుకున్న ప్రతివాడూ కొంత కొంత పెంచాడన్నాడు. పంజాబు పేరు, నేపాలీ చెయ్యి, జపాన్ నాలుక కలిసి పుట్టిన ఆ రొట్టెను ఇది మనది కాదని నేను తోసిపుచ్చబోయాను. అంతలోనే మా ఊరి సెంటర్లో సాయంత్రం పూట వెలిగే బళ్ళూ, వాటిమీద మనం లొట్టలు వేసుకుంటూ తినే గోబీ మంచూరియా గుర్తొచ్చి ఆ మాట మింగేశాను. మంచూరియావాళ్ళు ఎవరైనా వచ్చి దాన్ని చూస్తే ఏమనాలి!

ఈలోగా ఆయన మా బల్లమీద మూత సరిగా పెట్టని కందిపొడి డబ్బాను చూశాడు. మా ఆవిడ సిగ్గుపడింది. ఆయన మాత్రం, “దీదీ, అన్నం కావాలంటే ముందే అడగవలసింది” అని లోపలికి వెళ్ళి, పనివాళ్ళ కోసం వండుకున్న భోజనం రెండు పళ్ళాల్లో తెచ్చాడు. పొడవు బియ్యపు అన్నం, నేతిపోపు వేసిన నల్ల మినప్పప్పు, జపాన్ ఆకుకూరనే ఆవాల నూనెలో వేయించిన వేపుడు, ముల్లంగి పచ్చడి. ఆ పచ్చడిలో నాలుకను చిత్రంగా తిమ్మిరెక్కించే ఒక మిరియం పడింది. దాన్ని వాళ్ళు టిమ్మూర్ అంటారు. జపాన్‌వాళ్ళు కాల్చిన ఈలు చేప మీద చల్లుకునే సన్షో పొడి కూడా ఆ జాతి చెట్టుదేననీ, ఇక్కడ తన నాలుకకు తెలిసిన మొదటి జపాన్ రుచి అదేననీ ఆయన చెప్పాడు. మా ఆవిడ నాలుగు రోజుల తరువాత చేత్తో కలుపుకుని కడుపునిండా తిన్నది. తిన్నాక కందిపొడి డబ్బాను ఆయన చేతిలో పెట్టి, వేడన్నంలో నెయ్యి వేసుకుని తినాలని, సగం హిందీ సగం సైగలతో చెప్పింది. ఈ పప్పన్నం పట్టికలో ఎందుకు పెట్టలేదని నేను అడిగాను. “ఇండియా అని బోర్డు పెట్టి ఇది ఇస్తే జనం నాన్ ఏదని అడుగుతారు సాబ్” అన్నాడు.

టోక్యో చేరాక మా మేనల్లుడి ఇంట్లో దిగాం గనుక మా ఆవిడ తిండి చింత తీరింది. నాకు మాత్రం వేరే చింత పట్టుకుంది. ఈ నాన్ రాకముందు జపాన్‌వాళ్ళకు ఇండియా రుచిని ఎవరు చూపించారన్నది తెలుసుకోవాలనిపించింది. నిజానికి అన్నంమీద చిక్కటి గోధుమరంగు పులుసు పోసి ఇచ్చే ‘కరే రైసు’ అక్కడ మూలమూలనా దొరుకుతుంది. బడిపిల్లల భోజనంలోనూ ఉంటుంది. కాని అది పందొమ్మిదో శతాబ్దం చివర, మైజీ చక్రవర్తి కాలంలో, ఇంగ్లండు మీదుగా వచ్చింది, పిండి వేయించి చిక్కబరచేది, కాబట్టి వాళ్ళ లెక్కలో అది పాశ్చాత్య వంటకం. మన కూర తెల్లదొరల పడవెక్కి, దొరల వంటకంగా జపాన్‌లో దిగిందన్నమాట. అది తప్పని, అసలు కూర వేరని గట్టిగా చెప్పినవాడు ఒక విప్లవకారుడు.

రాస్ బిహారీ బోస్ పేరు మనం బడిలో చదువుకున్నదే. 1912లో ఢిల్లీలో వైస్రాయి హార్డింజి మీద బాంబు విసిరిన కుట్రలోనూ, ఆ తరువాత గదర్ తిరుగుబాటు ప్రయత్నంలోనూ ఆయన కోసం బ్రిటిష్ పోలీసులు వెతుకుతుంటే, రవీంద్రనాథ్ టాగూరు బంధువునంటూ మారుపేరుతో 1915లో జపాన్ చేరుకున్నాడు. బ్రిటన్ ఒత్తిడి మీద జపాన్ ప్రభుత్వం దేశం విడిచి పొమ్మంది. అప్పుడు టోక్యోలో షింజుకు ప్రాంతంలో నాకామురాయా అనే రొట్టెల దుకాణం నడిపే సోమా దంపతులు తమ దుకాణం వెనక ఉన్న గదిలో ఆయనను దాచిపెట్టారు. అజ్ఞాతవాసంలో ఉన్న ఆయనకే 1918లో తమ పెద్దకూతురు తోషికోను ఇచ్చి పెళ్ళి చేశారు. ఆమె 1925లో చనిపోయింది. రెండేళ్ళకు నాకామురాయావాళ్ళు భోజనశాల తెరిచినప్పుడు, అల్లుడి పట్టుదల మీద, 1927 జూన్ 12న ‘శుద్ధమైన భారతీయ పద్ధతి కూర’ వడ్డించడం మొదలుపెట్టారు. సెన్ అంటే యెన్‌లో నూరోవంతు. మామూలు కరే రైసు పది, పన్నెండు సెన్‌లకు దొరికే రోజుల్లో దానికి ఎనభై సెన్‌ల ధర పెట్టారు. అయినా జనం ఎగబడ్డారు.

ఆ భవనం ఇప్పుడు అద్దాల మేడ. భూగర్భ అంతస్తులోని భోజనశాలలో ఆ కూరను ఇప్పటికీ వడ్డిస్తారు. మా ఆవిడ, మేనల్లుడి భార్య కలిసి బట్టల కొట్లకు వెళ్ళిన మధ్యాహ్నం నేను ఒక్కడినే అక్కడికి వెళ్ళాను. తెల్లటి గుడ్డ పరిచిన బల్ల, వెండి వన్నె గిన్నెలో ఎముకతో ఉన్న కోడికూర, వేరే పళ్ళెంలో అన్నం, చిన్న చిన్న గిన్నెల్లో నంజుకోవడానికి చట్నీలు. ‘ప్రేమా విప్లవాల రుచి’ అని వాళ్ళు దాన్ని చెప్పుకుంటారు. చుట్టూ నా వయసు దాటిన జపాన్ దంపతులు నెమ్మదిగా, గుడిలో ప్రసాదం తిన్నట్టు తింటున్నారు. రుచి మాట అడిగితే, బాగుంది. మసాలా సున్నితంగా, బెంగాలీ ఇంటి పెద్దలు అనారోగ్యంగా ఉన్నప్పుడు తినేట్టుగా ఉంది. తొంభై ఎనిమిదేళ్ళుగా జపాన్ నాలుకకు ఒదుగుతూ వచ్చిన కూర ఇంకెలా ఉంటుంది? అయితే ఆ గిన్నె ముందు కూర్చున్నంతసేపూ నా మనసు రుచి మీద నిలవలేదు. తిరిగి వెళ్ళలేని ఊరి వంటను, తెలియని దేశంలో, తెలియని బియ్యంతో, దొరకని దినుసులతో ఇలా ఉండాలి, ఇలా కాదు అని పట్టుబట్టి వండించిన మనిషి 1945 జనవరిలో టోక్యోలోనే కన్నుమూశాడు. స్వాతంత్ర్యం రావడానికి ఇంకా రెండున్నరేళ్ళు ఉంది. కోడిముక్క ఎముక దగ్గర కాస్త ఆగి, తిన్నాను.

ఆయన అనుచరుల్లో ఒకరు తిరువాన్కూరుకు చెందిన ఎ. ఎం. నాయర్. 1928లో క్యోటో విశ్వవిద్యాలయంలో ఇంజినీరింగ్ చదవడానికి వచ్చి, స్వాతంత్ర్యోద్యమంలో కలిసి, యుద్ధం తరువాత అక్కడే ఉండిపోయి, 1949లో టోక్యోలోని గింజా పేటలో తన పేరుతో భోజనశాల తెరిచాడు. కబుకిజా నాటకశాలకు దగ్గరలో ఇప్పటికీ నడుస్తోంది. వంతెనలు కట్టవలసిన ఇంజినీరు చివరికి కూర వండి పిల్లలను పెంచాడు. అక్కడి ప్రసిద్ధ వంటకం పేరు ‘మురుగీ లంచ్’. పెట్టినవాడు మలయాళీ, పేరులోని ముర్గీ ఉత్తరాదిది, పళ్ళెంలో పసుపన్నం, ఉడికించిన క్యాబేజీ, మెదిపిన బంగాళాదుంప, ఎముకనుంచి జారిపోయేంతగా ఉడికిన కోడికాలు. వడ్డించిన మనిషి నా కళ్ళముందే ఎముక లాగేసి, అన్నిటినీ కలగలిపి, బాగా కలుపుకుని తినమని చేత్తో తిప్పి చూపించాడు. అన్నం ఒక పక్క, కూర ఒక పక్క పెట్టుకుని తినే అలవాటున్న వాళ్ళకు ఆ సలహా అవసరమే. ముద్ద కలుపుకోవడం ఉగ్గుపాలతో నేర్చుకున్న గోదావరి జిల్లావాడికి టోక్యోలో ఆ పాఠం చెబుతుంటే నేను బుద్ధిగా తల ఊపి, చెంచాతో కలుపుకున్నాను. ఎలా ఉందంటే, పెళ్ళిభోజనం మర్నాడు మిగిలినవన్నీ కలిపి పెట్టిన ముద్దలా ఉంది. అది నాకు చిన్నప్పటినుంచీ ఇష్టం.

మా మేనల్లుడు ఉండేది ఎదొగావా వార్డులోని నిషికసాయ్‌లో. సాయంత్రం స్టేషన్ బయట నిలబడితే తెలుగు చెవిన పడకుండా పది నిమిషాలు గడవదు. 2000 సంవత్సరం వస్తే కంప్యూటర్లు తారీఖులు తప్పుతాయన్న భయంతో జపాన్ సంస్థలు మన ఇంజినీర్లను పిలిపించుకున్న రోజుల్లో ఈ పేట ఇలా మారింది. కార్యాలయాలుండే ఓతేమాచీకి ఇక్కడినుంచి రైలు మారకుండా వెళ్ళవచ్చు. కోల్‌కతానుంచి చాలా ముందే వచ్చి తేయాకు వ్యాపారం చేసుకుంటున్న జగ్మోహన్ చంద్రాని, ఈ కుర్రాళ్ళకు ఇళ్ళు అద్దెకు దొరకక, శాకాహారులకు తిండి దొరకక అవస్థ పడడం చూసి, ఇళ్ళవాళ్ళకు నచ్చజెప్పి, వాళ్ళకోసం ఒక భోజనశాల కూడా పెట్టాడు. మెస్ అన్నమాట. మన అమీర్‌పేటలో హాస్టలు కుర్రాళ్ళకు మెస్ ఎంతో, ఆ రోజుల్లో అక్కడ అది అంత.

“మావయ్యా, మీకు అసలైన మనవాళ్ళ భోజనం తినిపిస్తాను” అని మేనల్లుడు ఒక ఆదివారం మమ్మల్ని ఒకాచిమాచి తీసుకెళ్ళాడు. వేనో పక్కనే ఉన్న ఆ పేట నగల టోకు వ్యాపారానికి పేరు. రంగురాళ్ళు అమ్మే మన దేశపు వర్తకులు కూడా అక్కడ బాగానే ఉన్నారు. ఆంధ్రా కిచెన్ అనే ఆ హోటలు ముందు వరసలో మేము ఆరో ఏడో వంతు. నాకు ఆశ్చర్యం వేసిందేమిటంటే, ఆ వరసలో మనవాళ్ళకంటే జపాన్‌వాళ్ళే ఎక్కువ. దక్షిణాది భోజనాన్ని వాళ్ళు ‘మీల్సు’ అంటారు. దానికోసం ఊళ్ళు దాటి వచ్చే అభిమానులు ఉన్నారు.

పప్పు, సాంబారు, చారు, కూర, పచ్చడి, పెరుగు వచ్చాయి. పప్పులో పులుపు సరిగ్గా పడింది. చారులో మిరియం ఘాటు ముక్కుకు తగిలింది. మా ఆవిడ ఏమీ అనకుండా తింటోంది. అంటే బాగుందని అర్థం. నా చూపు మాత్రం ఎదుటి బల్లమీదే ఉండిపోయింది. అక్కడ యాభై ఏళ్ళ జపాన్ మనిషి ఒక్కడే కూర్చుని, చొక్కా చేతులు మడిచి, ఎడమచెయ్యి ఒళ్ళో పెట్టుకుని, కుడిచేతి వేళ్ళ కొసలతో ముందు పప్పు, తరువాత సాంబారు, ఆ తరువాత చారు వరస తప్పకుండా కలుపుకుని, అరచేతికి మెతుకు అంటకుండా తింటున్నాడు. పెరుగు కోసం చివరి పిడికెడు అన్నం విడిగా ఉంచుకున్నాడు. ఇంత పద్ధతిగా తినేవాళ్ళను నేను మా పెదనాన్న తరం తరువాత చూడలేదు. నా పక్కన మేనల్లుడి ఆరేళ్ళ కూతురు చెంచాతో అన్నాన్ని అటూ ఇటూ జరుపుతూ, చారు కారంగా ఉందని ముఖం చిట్లిస్తోంది.

తిరిగి వస్తూ రైల్లో ఆ పిల్లను, “నీకు ఇండియా భోజనంలో ఏది ఇష్టమే?” అని అడిగాను. ఆలోచించకుండా, “చీజ్ నాన్!” అంది. దానిమీద తేనె పోసుకోవాలట. వాళ్ళమ్మ నొచ్చుకుని, ఇంట్లో రోజూ అన్నమే వండుతానని మా ఆవిడకు సంజాయిషీ చెప్పుకుంది. పిల్లకు ఆ గొడవ పట్టలేదు. ఇంట్లో తినేది అన్నం, ఇండియా భోజనం అంటే బయట తినేది. దాని లెక్క అంతే. నారాలో చెయ్యెత్తిన ఆ కుర్రాడి లెక్క కూడా అదేగా.

మర్నాడు మేము బయలుదేరే రోజు. మధ్యాహ్నం విమానాశ్రయానికి వెళ్ళేముందు పిల్ల మాట కాదనలేక, ఇంటికి నాలుగు సందుల అవతల ఉన్న ఒక చిన్న కొట్టుకు వెళ్ళాం. మువ్వన్నెల జెండా, త్రికోణాల జెండా, తాజ్‌మహల్, మంచుకొండలు, క్యాబేజీ మీద నారింజరంగు పులుసు. వంటగది తెర వెనకనుంచి ప్రెషర్ కుక్కర్ కూత వినిపించింది. అది మాకోసం కాదని ఈసారి నాకు తెలుసు. నాన్ వచ్చింది. నాలుగు ముక్కలుగా కోసిన నాన్‌లోంచి చీజు తీగలుగా సాగుతోంది. పిల్ల నాకొక ముక్క తేనెలో ముంచి ఇచ్చింది. తిన్నాను. ఇంకొక ముక్క కూడా తిన్నాను. పళ్ళెం ఖాళీ కాగానే అది నా మోచెయ్యి పొడిచి, “తాతయ్యా, ఓకవారీ అను” అంది. చీజు నాన్‌కు మారు వడ్డన ఉండదనీ, మామూలుదే ఇస్తారనీ మేనల్లుడు గొణిగాడు. మామూలుదైతేనేం అనుకుని, చెయ్యెత్తాను.